వీథిబడినుండి ఉపగ్రహమువఱకు

మద్రాసు రాజధానికి గవర్నరుగా నుండిన సర్ థామస్ మన్రో 1822వ సంవత్సరము జూను నెలలో, తన యేలుబడిలోని జిల్లాలయందు దేశీయుల బడులెన్ని గలవు, వానిలో ఎందఱు చదువుచున్నారు, ఏమి చదువుచున్నారు అను సంగతులు విచారించి తెలుపవలసినదని కలెక్టర్లకు ఉత్తరువులు పంపించెను. వచ్చిన జవాబులలో పెక్కింటియందు అంకెల పట్టికలకు మించి చెప్పుకొనదగినది లేదు. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెలు 1823 ఆగస్టు 17వ తేదీన వ్రాసిన నివేదిక మాత్రము అట్టిది కాదు. ఆయన అంతకు కొన్నియేండ్ల ముందే తెలుగు భాషకు వ్యాకరణము రచించినవాడు. పిల్లలు అక్షరములు నేర్చుకొను తీరుపై సహజమైన ఆసక్తి గలవాడు. కావుననే బడిలోనికి తొంగి చూచి, పిల్లవాడు దేనితో వ్రాయుచున్నాడు, దేనిమీద వ్రాయుచున్నాడు, వ్రాసినదానిని దేనితో తుడుచుచున్నాడు అను చిన్నచిన్న విషయములను సైతము విడువక లిఖించెను. తెలుగు బడిలో బోధనసాధనములు కాలక్రమమున ఎట్లు మాఱినవో తెలిసికొనగోరువారికి ఇంతకంటె మంచి ఆరంభస్థానము నాకు కనబడలేదు.

అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపుర ప్రాంతము గూడ చేరియుండెను. ఆ జిల్లా జనసంఖ్య 9,27,857. అందలి బడులు 533. వానిలో చదువుకొనువారు 6,641 మంది. బడులలో 235 కన్నడమును, 226 తెలుగును నేర్పునట్టివి. తక్కినవి సంస్కృత, మహారాష్ట్ర, పారసీక, తమిళ భాషలవి. ఇంగ్లీషుబడి ఒక్కటి మాత్రమే. అంత విశాలమైన జిల్లాలో బడికి వచ్చు బాలికలు 60 మందికి మించలేదు. వేయిమంది జనులలో ఇంచుమించు ఏడుగురు మాత్రమే బడిలో నుండిరి. ఈ యంకెలను మనస్సున ఉంచుకొనియే ఆ బడుల సాధనసంపత్తిని ప్రశంసింపవలసియున్నది. ఏలయనగా, వ్రాయుటకు వలసిన ఇసుక ఏటియొడ్డున ఎవరికైనను దొరకునదే అయినను, బడివాకిలి అందఱికిని తెఱచియుండలేదు.

శిశువునకు అయిదేండ్లు రాగానే తల్లిదండ్రులు ఉపాధ్యాయునిని, బడిపిల్లలను ఇంటికి పిలుచుకొని వచ్చుటయు, వినాయకుని ప్రతిమ చుట్టును పిల్లలందఱు కూర్చుండుటయు, ఉపాధ్యాయుడు శిశువు చేయి పట్టుకొని బియ్యములో వ్రేలితో ప్రార్థనాక్షరములను వ్రాయించుటయు ఆచారమై యుండెను. మఱునాటినుండి బియ్యమునకు మాఱుగా ఇసుక. బడి అరుగుమీదనో, చెట్టునీడనో పఱచిన సన్నని ఇసుకలో పిల్లవాడు చూపుడువ్రేలితో అక్షరమును దిద్దును. తప్పినయెడల అరచేతితో చదును చేసి మరల దిద్దును. చేతికి అక్షరము స్వాధీనమైన తరువాతనే పలకయో, కడితమో అతనికి లభించును. పలక యనగా ఆ దినములలో ఱాయి కాదు. ఒక అడుగు వెడల్పును, మూడడుగుల పొడవును గల కొయ్యబల్ల. దానిని నునుపుగా చిత్రిక పట్టి, అన్నమును బొగ్గుపొడిని కలిపి మెత్తగా పూసి ఆఱవేసినచో నల్లని వ్రాతబల్ల సిద్ధమగును. కడితము బట్టతో చేయునది: గుడ్డకు గంజి పట్టించి బిఱుసెక్కించి, పుస్తకమువలె మడతలుగా మడచి, బొగ్గుతో కొన్ని జిగురులు చేర్చిన పూత పూయుదురు. రెండింటిమీదను తెల్లని బలపముతో వ్రాయుదురు, తడిగుడ్డతో తుడిచివేయుదురు. చేయి తిరిగిన పిల్లలు తాటాకుపై ఇనుపగంటముతోను, కాగితముపై రెల్లుకలముతోను వ్రాయుటకు మొదలుపెట్టుదురు. గంటముతో గీచిన గీతలు కంటికి ఆనవు గనుక ఆకుపసరులో కలిపిన దీపపుమసిని పైన రుద్ది తుడువగా, గీతలలో మసి నిలిచి అక్షరములు నల్లగా తేలును.

ఉదయము ఆరుగంటలకు బడి తెఱచువేళ మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరును, రెండవవాని చేతిలో సున్నను వ్రాయుదురనియు, మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు చొప్పున తరువాత వచ్చినవారికి దెబ్బలు పెరుగుచుండుననియు క్యాంబెలు చెప్పియున్నాడు. మందమతులకును మొండివారికిని కోదండమను క్రూరశిక్ష గలదు. రెండుచేతులు కట్టి దూలమునకు వ్రేలాడగట్టుట. ఆ బడిని తలచుకొని పరవశించువారు ఈ కోదండమును మఱవరాదు. పిల్లలు వల్లెవేయు పద్యములు వాడుకభాషకు దూరమగుటచే వానికి అర్థము తెలియకయే చిలుకలవలె పలుకుచున్నారని క్యాంబెలు చేసిన ఆక్షేపణ గూడ సత్యమే. అయినను ఆయన రెండు విషయములను మనసారా మెచ్చుకొనెను: వ్రాత నేర్పుటలో ఆ బడులు పాటించిన మితవ్యయము ఒకటి; ముందు నేర్చిన పిల్లవాడు వెనుక వచ్చినవానికి నేర్పుచు, తాను నేర్చినదానిని మఱింత గట్టిపఱచుకొను పద్ధతి రెండవది. ఇవి ఇంగ్లండుదేశమునకు సైతము అనుకరణీయములైనవని ఆయన గర్వముతో వ్రాసెను.

ఆ గర్వమునకు కారణము మద్రాసునందే గలదు. ఎగుమూరులో సైనికుల అనాథబాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడై యుండిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు మతాచార్యుడు, ఒకనాడు దారిన పోవుచు దేశీయుల వీథిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుకొనుట చూచెను. వెంటనే తన శరణాలయమునకు వచ్చి, అక్షరాభ్యాసమును ఇసుకలో చేయింపుమని అచటి ఉపాధ్యాయునికి చెప్పగా, అది సాగదని ఆ ఉపాధ్యాయుడు పెడచెవిని బెట్టెను. అంతట బెల్ ఎనిమిదేండ్ల జాన్ ఫ్రిస్కెన్ అను విద్యార్థికి చిన్నపిల్లల తరగతిని అప్పగించెను. పెద్దలకు చేతకానిపని ఆ బాలుడు చేసి చూపెను. బెల్ స్వదేశమునకు మరలిపోయి 1797లో ఈ ప్రయోగమును గూర్చి లండనులో గ్రంథము ప్రకటింపగా, జోసెఫ్ లాంకాస్టరు అను మఱియొకరు ఇట్టి పద్ధతినే విస్తరింపజేయగా, కొలదికాలములోనే ఇంగ్లండులో బీదపిల్లల పాఠశాలలు వందలకొలది ఇసుకబల్లలతోను, పెద్దపిల్లలే బోధకులుగను నడువసాగినవి. దానికి మద్రాసు పద్ధతియని పేరు. యంత్రముల యుగమున అడుగిడుచున్న దేశము తన బీదసాదల చదువునకు వలసిన ఉపాయమును మన వీథిఅరుగుమీదినుండి గ్రహించినదనుట అతిశయోక్తి కానేరదు. అయితే అచటికి పోయినది ఇసుకయు, గట్టపిల్లల (చిన్నవారికి నేర్పు పెద్దపిల్లల) ఏర్పాటును మాత్రమే. పిల్లవాని ప్రక్కన కూర్చుండి, అతని కులవృత్తిని, ఇంటిని, తాతముత్తాతలను ఎఱిగి చదువు చెప్పు అయ్యవారు ఓడనెక్కి పోలేదు. వందలమంది పిల్లలను ఒక్క సాలలో బారులు తీర్చి నడిపిన ఆ ఇంగ్లీషుబడులు త్వరలోనే నిర్జీవములై పోయినవి.

ఈ సాధనములలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది వాని చౌకదనము కాదు; అవి పుట్టిన చోటు. పలకకు పూయు బొగ్గు ఆ యింటి పొయ్యిలోనిది. అన్నము ఆ యింటి కుండలోనిది. తాటాకు ఆ యూరి చెట్టుది. గంటము ఆ యూరి కమ్మరి సాగగొట్టినది. పూత రాలినయెడల పిల్లవాడే తిరిగి పూసికొనును. చెడిన సాధనమును బాగుచేయు విద్య గూడ చదువులో భాగమై యుండినందున బడి ఏనాడును సాధనము లేక ఆగిపోలేదు. ఆగినదెల్ల అయ్యవారికి జీతము చాలకయే. దేశీయ నూలుబట్టలకు మాఱుగా యూరపు బట్టలు దిగుమతియై నేతపనివారి సంపాదన సన్నగిల్లినదనియు, దేశము క్రమముగా దరిద్రమగుచున్నదనియు, పిల్లలను బడికి పంపజాలని కుటుంబములు పెరుగుచున్నవనియు క్యాంబెలే స్పష్టముగా వ్రాసెను. దొరతనపు ఉద్యోగియై యుండియు ఈ మాట దాచని ఆయన నిజాయితీ కొనియాడదగినది.

పందొమ్మిదవ శతాబ్ది ద్వితీయార్ధమున ఈ వ్యవస్థ రూపు మాఱెను. 1854 ప్రాంతమున గోదావరిమండలములో నరసాపురము చుట్టుప్రక్కల గ్రామములలో రైతులు తమంతట తాము పన్ను విధించుకొని బడులు పెట్టుకొనుటకు సబుకలెక్టరు జి. ఎన్. టెయిలరు ప్రోత్సాహ మొసగెను. అదే కాలమున దొరతనమువారు విద్యాశాఖ నేర్పఱచి, తనిఖీచేయు ఉద్యోగులను, గ్రాంటులను, పరీక్షలను తెచ్చిరి. అచ్చుపుస్తకము వచ్చెను, పెద్దబాలశిక్ష ఇల్లిల్లు చేరెను. తాటాకు వ్రాసికొన్నవానికి మాత్రమే గ్రంథము గలదు. అచ్చు వచ్చిన పిదప కొన్నవానికెల్ల గలదు. ఈ మేలు చిన్నది కాదు. కొయ్యపలక పోయి ఱాతిపలక వచ్చెను. తెలుగునాట ఆ ఱాతికి పుట్టినిల్లు మార్కాపురము. నల్లమల తూర్పువైపున, చిరకాలము కర్నూలు జిల్లాలో నుండి 1970లో ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన క్రొత్త జిల్లాలో చేరిన ఆ యూరి చుట్టును నల్లని పలకఱాయి పొరలుపొరలుగా దొరకును. గనినుండి తీసిన బండను ఉలితో పొరలు విప్పి, చదరముగా కోసి, నున్నగా తోమి, కొయ్యచట్రము బిగించి పలకలను సిద్ధము చేయుదురు. మార్కాపురము పలకలు తెలుగుజిల్లాలకే గాక దూరదేశములకును ఎగుమతి యైనవి. పిల్లలు అక్షరాభ్యాసము చేసిన ఆ ఱాయి వెనుక ఎన్ని కుటుంబముల ఉలిదెబ్బలున్నవో చరిత్రకారులు ఇంకను వివరముగా వ్రాయవలసియున్నది.

నల్లబల్లయే బోధనలో వచ్చిన అతిముఖ్యమైన మార్పని నేను నమ్ముదును. అంతకుముందు ప్రతిపిల్లవానికిని తన ఇసుక, తన పలక. ఉపాధ్యాయుడో, గట్టపిల్లవాడో ఒక్కొక్కని యొద్దకు పోయి, ఒక్కొక్కని చేయి పట్టి దిద్దింపవలసియుండెను. ఒకడు గుణింతములలో నుండగా వేఱొకడు ఎక్కములలో నుండవచ్చును. ఎవని నడక వానిది. గోడకు నల్లబల్ల తగిలించిన నాటనుండి తరగతి పుట్టినది. అందఱి కన్నులు ఒకచోట నిలువవలెను. అందఱును ఒకే పాఠమును ఒకే గంటలో నేర్వవలెను. ఉపాధ్యాయుడు వ్రాయువాడును పిల్లలు చూచి వ్రాసికొనువారును అయిరి. ముప్పదిమందికి ఒక్కమాఱు భూగోళపటము గీచి చూపుట నల్లబల్లవలననే సాధ్యమైనది. దానితోపాటు వెనుకబడినవాడు వెనుకనే మిగిలిపోవుటయు సాధ్యమైనది. అయినను ఆ బల్లను గ్రామము తన దానినిగా చేసికొనెను. శనివారము మధ్యాహ్నము పిల్లలు దొండాకు నలిపి, బొగ్గు నూరి బల్లకు రుద్ది నలుపెక్కించుట నిన్నమొన్నటి వఱకు తెలుగు పల్లెబడులలో సర్వసాధారణమైన పని. కొయ్యపలకకు బొగ్గు పూసిన నాటి విద్యయే అది. మధ్య నూఱేండ్లు గడచినను చేతులు మఱవలేదు.

రేడియో ఇట్లు గ్రామమునకు స్వాధీనము కాలేదు. మద్రాసు ఆకాశవాణి 1938 జూను 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రసారములు ప్రారంభించినవి. హైదరాబాదు కేంద్రము నిజాము ప్రభుత్వపు డెక్కను రేడియోనుండి 1950లో ఆకాశవాణికి సంక్రమించినది. పాఠశాలలకై ప్రత్యేక ప్రసంగములు, నాటికలు వెలువడుచుండెను. వానిలో ఉత్తమమైనవి గలవు. కాని రేడియో పలుకు గంటకు బడి గంట కుదురవలెను. పాఠము జాఱిపోయినచో మరల రాదు. వినుచున్న పిల్లవాడు ప్రశ్న వేయుటకు వీలు లేదు. పెక్కు బడులలో అది ప్రధానోపాధ్యాయుని గదిలోని బల్లపై అలంకారముగనే నిలిచిపోయినది.

ఆపైన వచ్చిన ఉపగ్రహ ప్రయోగము అన్నిటికంటె సాహసికమైనది. విక్రమ్ సారాభాయి సంకల్పించి తాను చూడకుండగనే గతించిన ఆ ప్రయత్నమునకై, అమెరికా అంతరిక్షసంస్థ నాసా తన ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును ఒక సంవత్సరము మన దేశమునకు ఉపయోగింప నిచ్చెను. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునుండి నేరుగా దూరదర్శన ప్రసారము అందినది. ఆంధ్రప్రదేశములో కర్నూలు, మహబూబునగరు, మెదకు మున్నగు జిల్లాల పల్లెలు ఇందుకు ఎన్నుకొనబడినవి. వెనుకబడిన జిల్లాలనే ఏఱికోరి పట్టుకొనుట ఆ ప్రయోగపు ధర్మబుద్ధికి నిదర్శనము. అప్పటికి హైదరాబాదు నగరవాసులకే దూరదర్శన కేంద్రము లేదు. బడిపైననో, పంచాయతీ కార్యాలయముపైననో మూడుమీటర్ల వెడల్పుగల తీగవల గొడుగు నిలిపి, క్రింద పెట్టెను అమర్చిరి. కరెంటు లేని కొన్ని పల్లెలలో బ్యాటరీలతో నడిపిరి. ఆ పెట్టెలను తయారుచేసినది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. ఆ సంస్థను 1967లో స్థాపించి నడిపినవాడు గోదావరిమండలమున మోగల్లు గ్రామమున జన్మించిన అయ్యగారి సాంబశివరావు. దూరపు ఉపగ్రహము విదేశీయమే అయినను, పల్లెపిల్లల యెదుట వెలిగిన పెట్టె తెలుగుగడ్డపై పుట్టినదే.

ఉదయమున గంటన్నరసేపు బడిపిల్లలకు, సాయంకాలమున పెద్దలకు ప్రసారములు. ఉదయపు గంటన్నరను హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ భాషలు నాలుగును పంచుకొనగా తెలుగుపిల్లలకు దక్కినది 22½ నిమిషములు. ఒకే దృశ్యముతో రెండుభాషల మాటలను పంపగల శబ్దమార్గములు ఆ ఉపగ్రహమున నుండెను. సముద్రము నెన్నడును చూడని పాలమూరు పిల్లవాడు సముద్రమును, ఏనుగును, కర్మాగారమును చూచెను. పాఠ్యపుస్తకమునకు అంటిపెట్టుకొనక, బడి అన్న ఇష్టము పుట్టింపవలెనను తలంపుతో ఆ కార్యక్రమములను రూపొందించిరి. ఇది సరియైన తలంపేయని నా అభిప్రాయము. అయితే 22½ నిమిషములు ముగిసిన పిమ్మట పెట్టెను ఆపి పిల్లలతో మాటలాడవలసినవాడు ఉపాధ్యాయుడే గదా! ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదు తరగతులను ఒక్కడే మోయుచున్న ఆ మనిషికి ముందుగా ఏమి వచ్చునో తెలియకున్న, చూచినదానిని చదువుగా మార్చుట ఎట్లు?

ఈ లోపమును గుర్తించియే కాబోలు, ఆ ప్రయోగమున సెలవులలో ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ నిచ్చిరి. ఆరు రాష్ట్రములలో దాదాపు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులు పన్నెండేసి దినములు తమ దగ్గఱి కేంద్రములలో గుమిగూడి, ఉదయము పెట్టెలో పాఠము చూచి, రేడియో విని, అచ్చుపుస్తకము చదివి, తరువాత ఊరిలో దొరకు వస్తువులతోనే ప్రయోగములు తమ చేతులతో చేసి నేర్చుకొనిరి. ఆ సంవత్సరమంతటిలో ఇంతకంటె శాశ్వతమైన పని జరుగలేదని నేను నిస్సంశయముగా చెప్పుదును. 1976 జూలై ముగియగనే ఉపగ్రహము తన చోటికి మరలిపోయినది. పల్లెలలోని పెట్టెలకు మాట పోయినది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శనము ప్రారంభమైన పిదప దాని అందుబాటులోని కొన్ని గ్రామములకు మాత్రమే తిరిగి ప్రసారము లభించినది. కాని పన్నెండు దినములు నేర్చిన ఉపాధ్యాయుని చేతినుండి ఆ విద్యను ఎవరును వెనుకకు తీసికొనిపోలేదు.

తరువాతి నలువదియేండ్ల కథ త్వరితముగా నడచినది. 1984లో కేంద్రప్రభుత్వము కొన్నివందల పాఠశాలలకు బ్రిటను దేశపు బీబీసీ మైక్రో కంప్యూటర్లను పంచినది. వానికి తెలుగు రాదు. మూడేండ్లకు, 1987లో, అదే ప్రభుత్వము ప్రతి ప్రాథమిక పాఠశాలకును కనీసము రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక నల్లబల్ల సమకూర్పవలెనని వేఱొక పథకము ప్రారంభింపవలసి వచ్చినది. దానికి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అని పేరు. కంప్యూటరు ముందును, నల్లబల్ల వెనుకను వచ్చిన ఈ వరుస మన విద్యాచరిత్రలో ఎంతో బాధ కలిగించు విషయము. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి, విద్యకై ప్రత్యేకించిన ఎడ్యుశాట్ మన రాకెట్టుపైననే ఎగసినది. 2020లో మహమ్మారి బడులను మూయించినప్పుడు తెలంగాణమున సెప్టెంబరు 1నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ వాహినులలో పాఠములు ప్రసారమైనవి. 2022లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వపాఠశాలలలోని ఎనిమిదవతరగతి పిల్లల చేతికి ట్యాబులు వచ్చినవి. అనేక తరగతిగదులలో గోడపై నల్లబల్ల చెంతనే వెలుగుతెర నిలిచినది.

ఆ తెర నల్లబడినప్పుడు దానిని విప్పి చూడగలవాడు ఊరిలో ఎవడు, ఉపాధ్యాయుడు తన పాఠమును తానే దానిలో కూర్చుకొనగలడా, లేక ఎచటనో కూర్చినదానిని మీట నొక్కి చూపుటయే అతని పనియా అను ప్రశ్నలను కొనుగోలు ఉత్తరువుతోపాటే అడుగవలసియున్నది. బళ్ళారి బడిలోని పిల్లవాని కొయ్యపలకకు పూత రాలిన మఱునాడు అమ్మ అన్నము, పొయ్యిలోని బొగ్గు జవాబిచ్చినవి. నేటి సాధనమునకు అట్టి జవాబు మండలకేంద్రములో నైనను దొరకునట్లు చేయుటకు, ప్రతి పాఠశాలా సముదాయమునకు మరమ్మతు తెలిసిన మనిషి నొకనిని నియమించుటయు, ఆ ఉపగ్రహ ప్రయోగమున వలె ఉపాధ్యాయుల చేతికి పని నేర్పు శిక్షణలను ప్రతి సెలవులలోను జరుపుటయు అసాధ్యములైన పనులు కావు. వానికి కావలసిన ధనము తెరల వెలతో పోల్చినచో స్వల్పమైనది.